దూలయ్య పడవలో ఉప్పూ చక్కెరా

గూడెం, పినపాక మండలం
22 ఆగస్టు 2006

ఇందుమూలముగా గూడెం ప్రజలకు, పశువులకు, ఖమ్మం పట్నమున నర్సు చదువు వెలగబెట్టుచున్న మా మేనకోడలు వనజకు తెలియజేయునది ఏమనగా: మా ఇంటి ఎర్రపుంజు నేటి నుండి నా మంచం మీద పడుకొనుట నిషేధించడమైనది. వరద నీళ్లు వాకిట్లోకి వచ్చిన నాడు ప్రాణభయం కదా అని ఎక్కనిచ్చితిమి. నీళ్లు తీసినను సదరు పుంజు దిగుట లేదు. దిగమన్న నన్నే పొడిచి, నా తలగడను స్వాధీనము చేసుకున్నది. అప్పీలు విన్న మీ అత్త నాగలక్ష్మి, మంచమునకు ఎవరు ఎక్కువ పనికివచ్చుచున్నారో విచారించి, పుంజు పక్షమున తీర్పు చెప్పినది.

వనజా, ఇక మామూలు భాషలోకి దిగుతాను. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా నేర్చిన గ్రాంథికం ఇంతకన్నా సాగదు. గోదారి తీసింది. చేలో ఇసుక మేట వేసింది, పత్తి పోయింది, నా ఎడమ చెప్పు పోయింది. కుడిది కంచె మీద పెట్టాను, ఎవరికైనా కుడిది పోయి ఉంటే తీసుకుంటారు.

అమ్మకు కడుపు జారుతోంది. వరద నీళ్లు కలిసిన బావిలోవే తాగుతున్నాం మరి. తనకు తానే పత్యం పెట్టుకుంది: చప్పిడి గంజి, ఉప్పు బంద్. గూడెంలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు కన్నా, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పేది ఆమే కదా. ఇప్పుడు రోగీ ఆమే, వైద్యురాలూ ఆమే. ఇద్దరికీ మంచి పొత్తు కుదిరింది, మధ్యలో మమ్మల్ని మాట్లాడనివ్వడం లేదు. బూర్గంపాడులో మీ అమ్మకు మాత్రం చెప్పకు. విరిగిన కాలికి కట్టు విప్పలేదు, కుంటుకుంటూ బయల్దేరుతుంది.

ఉత్తరం కోటేష్‌కు ఇస్తున్నాను. వెదురు లారీ మీద సారపాక పోతాడు, అక్కడ ఖమ్మం బస్సు కండక్టరు చేతిలో పెడతాడు. పోస్టు కన్నా జల్దీ.

పుంజు చేత మంచం పోగొట్టుకున్న
నీ మామ జంపయ్య


ఖమ్మం
25 ఆగస్టు

మామకు వనజ నమస్కారాలు.

నీ ఉత్తరం మెస్సులో చదివి నవ్వాను. నవ్వినందుకు తర్వాత కోపం వచ్చింది. పుంజు సంగతి ఎంత నిజమో అమ్మమ్మ సంగతి అంతే నిజమని నా అనుమానం. మొన్న ఎండాకాలం భూమి పండుగకు నన్ను రప్పించడానికి ఏం చేశావో మర్చిపోయావా? అమ్మమ్మ ముత్తక్క కాలం చేసిందని మా వార్డెన్ మేడంకు రాశావు. నేను ఏడ్చుకుంటూ బస్సు దిగితే ఆ కాలం చేసిన మనిషే ఎదురొచ్చి "గింత చిక్కిపోయినవేంది బిడ్డా" అన్నది. ఆ రోజు నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. మేడంకు సంగతి తెలిసిపోయింది. అప్పటి నుంచి నాకు తలనొప్పి వచ్చినా చేయి పట్టి చూసి కానీ నమ్మదు.

ఒకవేళ నిజమైతే మాత్రం ఇది చెయ్యి. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు. అందులో చక్కెర ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా. చెంచాలు కుప్పగా కాదు, అంచుకు సమంగా. కలిపి రుచి చూడు. కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. విరేచనం అయినప్పుడల్లా ఒక గ్లాసు, గుక్కగుక్కగా తాపు. దవాఖానాలో అవే పాకెట్లు ఉచితంగా ఇస్తారు, తెచ్చుకో.

నాకు వచ్చే నెలలో పరీక్షలు. దయచేసి పుంజు మీద పురాణాలు రాయకు.

వనజ


గూడెం
29 ఆగస్టు

ఖమ్మం దొరసాని గారికి, గూడెం వాసి రాయునది.

నమ్మవద్దు. నువ్వు నమ్మకపోతే అమ్మ కడుపు ఆగుతుందా? నువ్వు చెప్పినట్టే చేశాము, కన్నీళ్ల పరీక్షతో సహా. కన్నీళ్లు ఎక్కడ తేవాలని అడిగితే మీ అత్త, "నీ మొహం చూస్తే నాకెప్పుడూ వస్తయి, గిన్నె పట్టుకో" అన్నది. కానీ పోల్చడానికి ఉప్పు వేస్తే కదా.

అవ్, ఉప్పు వేయలేదు. అది ఒక్కటే తీసేశాము, మిగతాదంతా నీ లెక్క ప్రకారమే. పత్యంలో ఉన్న మనిషికి ఉప్పు ఎట్లా పెడతాము? రుచి కోసం రాసి ఉంటావులే అనుకున్నాను. ఉప్పు లేని లోటు తీరాలని తీపి రెట్టింపు చేశాను. ఎక్కువే వేశాననుకో. పాకం లాగా ఉంది. అమ్మ పాపం ఆ చెంబు మొత్తం తాగింది. ఆ తర్వాత నుంచి వాకిట్లోకి, లోపలికి తిరగడమే. ముందు కన్నా ఎక్కువైంది. ఇదేనా మీకు నేర్పేది? దీనికి రెండేండ్ల చదువా?

దవాఖానా పాకెట్లు కూడా తెచ్చాను. అమ్మ నాలిక మీద ఒక చుక్క పెట్టుకుని ఉమ్మేసింది. "ఉప్పున్నది. కడుపు జారేటోళ్లకు ఉప్పు పెడితే ఇంకింత కరిగిపోతరు. నేను ఊరందరికి గిదే చెప్పిన, ఇప్పుడు నేనే తాగాల్నా?" అన్నది. మీ అత్త ఊరుకుంటుందా. "మా చంటోడు పుట్టినప్పుడు నాకు నెలంతా చప్పిడి పెట్టినవ్ అత్తా. ఇప్పుడు నువ్వు ఉప్పు తిన్నవంటే నా నెల నాకు వాపసు ఇయ్యాలె" అన్నది. అది ఎగతాళికే అన్నది. కానీ అమ్మ మొహం బిగుసుకుపోయింది. ఆ మాట తర్వాత మూత తీసిన గిన్నె కూడా వాసన చూస్తోంది, ఎక్కడ ఉప్పు కలిపామోనని.

నీ చక్కెర నీళ్ల వల్ల నష్టపోయిన
జంపయ్య


ఖమ్మం
1 సెప్టెంబరు

మామా,

నీ ఉత్తరం చదివిన వెంటనే రాస్తున్నాను. ఉప్పు రుచికి కాదు. కింద రాసేది రెండుసార్లు చదువు, నవ్వకుండా.

పేగు లోపలి గోడ చిన్న చిన్న గదులు పేర్చి కట్టినట్టు ఉంటుంది. కంటికి కనపడని గదులు, కణాలంటారు. ప్రతి కణం చుట్టూ పల్చటి పొర. ఆ పొర నూనె లాంటిది, నీళ్లలో కరిగినవి దాంట్లోంచి నేరుగా దూరలేవు. వాటికి తలుపులు ఉన్నాయి. అన్ని తలుపులూ అందరికీ తెరుచుకోవు. చక్కెర లోపలికి పోయే ముఖ్యమైన తలుపు ఒకటుంది, అది చక్కెర ఒక్కటే వచ్చి తడితే తెరుచుకోదు. ఉప్పు, చక్కెర కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. రెండూ లోపలికి పోతే వాటి వెనకే నీళ్లూ పోతాయి. అట్లా నీళ్లు ఒంటికి పడతాయి. కడుపు జారుతున్నప్పుడు కూడా ఆ తలుపు పని చేస్తూనే ఉంటుంది, అదే మన అదృష్టం.

నువ్వు ఉప్పు తీసేసి తీపి రెట్టింపు చేశావు. ఆ చక్కెరంతా లోపలికి పోలేక పేగులోనే నిలబడిపోయింది. అంత చక్కెర ఒకచోట నిలబడితే నీళ్లు దాని వైపే వస్తాయి. అంటే ఒంట్లో ఉన్న నీళ్లను కూడా నువ్వు పేగులోకి లాగావు. నేను చెప్పింది చెయ్యకుండా, చేశానని నా చదువును తిడుతున్నావు.

సెలవు అడిగాను. మేడం రిజిస్టరు ముందు పెట్టి, "మీ అమ్మమ్మ మే నెలలోనే పోయింది కదమ్మా, పోయినామెకు విరేచనాలేంటి" అంది. పక్కనున్న ట్యూటర్లు నవ్వారు. పరీక్షల ముందు చెప్పకుండా గేటు దాటితే సీటు పోతుందని కూడా అంది.

అమ్మమ్మ పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదులు. వెంటనే సర్దుకుందా, మడత అట్లాగే నిలబడిందా, చూసి రాయి. నిలబడితే ఒక్క పూట కూడా ఆగకు, దవాఖానాకు తీసుకుపో.

వనజ


గూడెం
3 సెప్టెంబరు

వనజా,

మడత నిలబడింది.

మళ్లీ కురిసింది, వాగు పొంగింది. మనిషి ఈది దాటగలడు కానీ అమ్మను మోసే మంచం దాటదు. ఈ ఉత్తరం కోటేష్ ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తికి కట్టుకుని దాటతానన్నాడు.

నీ తలుపుల సంగతి చెప్పాను. "నా ఇంటికే తలుపు లేదు, తడిక ఉన్నది. నా కడుపుల తలుపులెవ్వడు పెట్టిండు" అన్నది. రెండోసారి చెప్పబోతే అటు తిరిగి పడుకుంది. గంజిలో చాటుగా ఉప్పు కలిపాను, ఒక్క గుక్కకే కనిపెట్టి గిన్నె తోసేసింది. ఇప్పుడు నా చేతి నుంచి ఏదీ తాగడం లేదు. మీ అత్త చేతి నుంచి ఒట్టి గంజి కొంచెం తాగుతోంది. మీ అత్త తన మాట వెనక్కి తీసుకుంటానని కాళ్లు పట్టుకుంది. అమ్మ, "నువ్వన్నది నిజమే గదా బిడ్డా" అన్నది.

కళ్లు లోపలికి పోయాయి. వార్డెన్ గారికి విడిగా ఒక చీటీ రాసి పెట్టాను. ఇవ్వు.

జంపయ్య


ఖమ్మం
4 సెప్టెంబరు

మామా,

నీ చీటీ ఇచ్చాను. "మా తల్లి ముత్తక్క ఇంతవరకు మరణించలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాస్తావా? నీకు దస్తావేజు లాగా రాస్తే మర్యాద అనిపించి ఉంటుంది. ఆమెకు మళ్లీ ఎగతాళి అనిపించింది. నా కళ్ల ముందే రెండు ముక్కలు చేసింది. నేను ఆమెను అనను. నువ్వు చేసి పెట్టిన పని అది.

సీటు పోతే పోనీ. హాస్టలు గేటు తీసేది ఆదివారమే, ఆ పొద్దున బస్సు ఎక్కుతాను. కానీ ఆదివారం దాకా అమ్మమ్మ ఆగాలి కదా.

నేను తలుపులని చెప్పడం తప్పు. ఆమె చూసినవి, ఆమెకు తెలిసినవి పట్టుకుని చెప్పు. ఆమె మాట పోకుండా చెప్పు. ఉప్పు తింటే పత్యం తప్పినట్టు కాదని ఆమెకే అనిపించాలి. నీకు వేయి మాటలు వచ్చు, వాటిలో ఒక్కటి ఈ పూట పనికి రానీ. ఒక్కటే బతిమాలుతున్నాను, అబద్ధం మాత్రం ఆడకు. ఆమెకు నీ అబద్ధాలు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఒక్కటి దొరికిందంటే ఇంక మనం ఏం చెప్పినా వినదు.

ఒప్పుకుంటే ఆపకుండా తాపు. మూత్రం వచ్చిందో లేదో చూడు. వాగు తగ్గగానే దవాఖానా. దారి పొడుగునా తాపుతూనే ఉండు.

వనజ


గూడెం
8 సెప్టెంబరు

మేనకోడలు వనజకు, మామ ఆశీర్వదించి రాయునది.

రావద్దు. సీటు పోగొట్టుకోవద్దు. అమ్మ తాగింది.

ఎట్లా తాగిందో రాయకపోతే నువ్వు మళ్లీ నమ్మవు, కాబట్టి అన్నీ రాస్తాను. నీ ఉత్తరం చదివి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. పుంజు కూడా ఎందుకో దిగి కింద కూర్చుంది. వాకిట్లోంచి చూస్తే గోదారి కనపడుతోంది, అవతలి ఒడ్డున దూలయ్య పడవ కట్టేసి ఉంది. నువ్వెప్పుడూ బస్సులోనే వచ్చావు కాబట్టి ఆ పడవ ఎక్కి ఉండవు. అవతల సంతకు పోయే వాళ్లందరూ దాంట్లోనే దాటతారు.

"అమ్మా, దూలయ్య పడవల ఒక్కడు పోతే ఎక్కించుకుంటడా?" అన్నాను.

అమ్మ దుప్పటి మీదికి లాక్కుంది.

"ఎక్కించుకోడు. అడుగున చిల్లున్నది. ఇద్దరొస్తేనే తీస్తడు. ఒకడు కూసోవాలె, ఒకడు డొక్కు డబ్బాతోని నీళ్లు తోడాలె. జోడీ లేనోడు ఒడ్డు మీద నిలబడాల్సిందే."

"ఎప్పటిసంది?" అన్నది అమ్మ. రెండు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఎప్పటిసందో అంతే. నీ కడుపుల గట్ల పడవలున్నయి. చక్కెర కూసునేటోడు, ఉప్పు తోడేటోడు. నేను మొన్న చక్కెరను ఒక్కదాన్నే పంపిన. ఉప్పు లేదని పడవ తియ్యలే. చక్కెరంతా ఈ ఒడ్డుకే కుప్పపడ్డది."

"మరి నీళ్లు?"

"లంకకు మేతకు పోయే బర్రెలు ఎట్ల పోతయి? వాటిని పడవల ఎవరెక్కిస్తరు? మనిషి పడవ ఎక్కి పోతే వెనక ఈదుకుంట పోతయి. నీళ్లు గట్లనే. చక్కెర, ఉప్పు జోడీ అవతలికి పోతే నీళ్లు వెనకబడి పోతయి. మనుషులంతా ఈ ఒడ్డునే నిలబడితే, అవతలున్న బర్రెలు కూడా ఇటే మర్లి వస్తయి. నీకు అయితున్నది గదే."

అమ్మ ఇటు తిరిగింది. నా మొహం వైపు చూసింది. చాలాసేపు అట్లాగే చూసింది. ఎవరి పత్యమైనా చెప్పే ముందు వాళ్ల మొహం అట్లాగే చూస్తుంది, నీకు తెలుసు. చివరకు మీ అత్తను పిలిచింది.

"ఒట్టి ఉప్పు పత్యానికి పనికిరాదు," అన్నది. "తీపితోని జోడైన ఉప్పు పనికొస్తది. గది వేరే సంగతి. నాగలక్ష్మీ, నీ నెల నీకు వాపసు లేదు. తే ఆ నీళ్లు."

ఆ రోజు తాగింది, తెల్లారి తాగింది. ఆ మధ్యాహ్నం మీ అత్త పరుగెత్తుకొచ్చి మూత్రం వచ్చిందని చెప్పింది. ఆ వార్తకు నేను అంత సంతోషిస్తానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే కొట్టేవాడిని. వాగు తగ్గాక నలుగురం మంచం భుజాన వేసుకుని పినపాక మోశాము. అక్కడ సీసా ఎక్కించారు. అమ్మ, "గా సీసల ఏముంది సిస్టరమ్మా" అని అడిగింది. ఆమె, "ఉప్పు నీళ్లు అవ్వా" అన్నది. అమ్మ నా వైపు తిరిగి, "దీనికి జోడీ ఏది?" అన్నది. సిస్టరమ్మకు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. నరంలోకి పోయేదానికి పడవ అక్కర్లేదని ఆమె చెప్తే కానీ అమ్మ చెయ్యి చాపలేదు.

ఇప్పుడు గూడెంలో ఎవరికి కడుపు జారినా అమ్మ దగ్గరికే వస్తున్నారు. ఆరు చెంచాలు, అర చెంచా అని ఆమే చెబుతోంది. నీ పేరు, నా పేరు ఎక్కడా లేదు. ముత్తక్క పత్యం అంటున్నారు. నువ్వు కూడా అననివ్వు.

మంచం తిరిగి దక్కని
మీ మామ జంపయ్య


ఖమ్మం
30 సెప్టెంబరు

మామకు నమస్కారాలు. అమ్మమ్మకు ముద్దులు.

పరీక్షలు అయిపోయాయి. ఓరల్‌లో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను ఏమడిగిందో తెలుసా? కణత్వచం, అదే నేను రాసిన ఆ పొర, గుండా చక్కెర ఎట్లా పోతుంది అని. పుస్తకంలో ఉన్నది చెప్పబోయి నాలుక తడబడింది. అప్పుడు దూలయ్య పడవ చెప్పేశాను. కూర్చునేవాడు, తోడేవాడు, వెనక ఈదే బర్రెలు, ఒడ్డునే నిలబడిపోయిన మనుషులు, అన్నీ. ఎగ్జామినర్ పెన్ను పక్కన పెట్టి విన్నది. "ఇది ఎవరు చెప్పారు" అని అడిగితే మా మామ అన్నాను. వార్డెన్ మేడం అక్కడే ఉంది. సాయంత్రం పిలిచి ఊరికి సెలవు చీటీ తనే రాసి ఇచ్చింది. కాగితం మీద "అమ్మమ్మను చూచుటకు" అని రాసింది. నాకు కళ్ల నీళ్లు వచ్చాయి, నీ మీద ఇన్నాళ్ల కోపం కూడా కొంచెం పోయింది. అంతా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. దసరా తర్వాత మా బ్యాచ్ ఊళ్లల్లో ఓఆర్ఎస్, అదే ఈ ఉప్పూ చక్కెర నీళ్ల గురించి చెప్పాలి. దూలయ్య పడవను పెద్ద చార్టు మీద రంగుల్లో వేశాము. అడుగున చిల్లు, చేతిలో డొక్కు డబ్బా, అన్నీ ఉన్నాయి. కింద దూలయ్య పేరు కూడా రాశాము. మేడం మమ్మల్నందరినీ జీపులో తెచ్చి ఆ పడవ చూపిస్తానంది. దూలయ్యతో రెండు మాటలు మాట్లాడించాలట. ఆయన్ను ఒప్పించు. పడవ బాగు చేయించవద్దని కూడా చెప్పు, చిల్లు అందరూ చూడాలి.

వనజ


గూడెం
5 అక్టోబరు

వనజా,

జీపు ఆపు. లేకపోతే ఏదో ఒకటి చెప్పి బర్రెల దగ్గరికి తీసుకుపో. బర్రెలు నిజమే, రోజూ పొద్దున ఈదుకుంటూ లంకకు పోతాయి, ఎన్ని జీపులొచ్చినా చూపిస్తాను. నువ్వు రాసిన తలుపు సంగతి, ఉప్పు సంగతి నిజమే, అవి నీవి, నేను మార్చలేదు.

చిల్లు లేదు. దూలయ్య పడవకు ఏనాడూ చిల్లు లేదు. జోడీ నియమమూ లేదు. ఒక్క మనిషి పోయినా, ఒక్క మేకపిల్ల పోయినా ఎక్కించుకుంటాడు. ఆ పూట వాకిట్లోంచి పడవ కనపడింది, నోట్లోంచి అది వచ్చేసింది. అబద్ధం ఆడవద్దని నువ్వు రాసిన కాగితం అప్పుడు నా జేబులోనే ఉంది. నీ చార్టు సంగతి దూలయ్యకు ఎవరో చెప్పారు. తన పడవకు చిల్లు పెట్టి ఖమ్మం దాకా చాటించినందుకు నన్ను వెతుకుతున్నాడు. నేను చేను దాటి బయటికి రావడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక భయపడుకుంటూ అమ్మనే అడిగాను. "దూలయ్య పడవకు చిల్లు లేదని నీకు తెల్వదా?"

అమ్మ జొన్నలు చెరుగుతోంది. "పెండ్లయి వచ్చిన కాన్నుంచి సంతకు ఒక్కదాన్నే దాటుతున్న. నాకు తెల్వదా?"

"మరి ఎందుకు తాగినవ్?"

చేట ఆపి నా మూతి వైపు చూసింది. "నువ్వు అబద్ధం ఆడితే నీ మూతి నవ్వుతది. పాలు తాగేనాటి సంది అంతే. ఆ పూట పడవని, చిల్లని ఏందేందో చెప్పినవ్. మూతి నవ్వలే." మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. "నా పాణం మీదికి వచ్చిందని గప్పుడు తెలిసింది."

పుంజు సంగతి మాత్రం మొదటి నుంచీ నిజం. సెలవు చీటీ ఉంది కదా, వచ్చి చూసుకో. తలగడ ఇంకా దాని కిందే ఉంది.

మామ